పుట్టుకా? పెంపకమా?
స్త్రీ పురుషుల నడవడిని గూర్చి చరిత్ర చెప్పు సాక్ష్యము

మన పొరుగు మరాఠీ వారు వాకిట గుడి నిలిపి పాడ్వా జరుపుకొను దినముననే మనము వేపపువ్వు పచ్చడి తిని సంవత్సరమును ప్రారంభింతుము. దినమొక్కటే, పేర్లు రెండు, పద్ధతులు రెండు. ప్రవాసమున బ్రతుకువారికి ఇట్టి పోలికలు దినదినము కంటబడుచుండును. పుట్టిన ఊరు విడువని వానికి తన ఊరి వాడుకయే లోకధర్మమువలె తోచును. మనకట్లు తోచదు. ప్రక్కయింటివారు మరియొక విధముగా నడచుకొనుచు సుఖముగానే యున్నారని మనమెరుగుదుము. ఈ ఎరుకను ఆధారముగా చేసికొని, ఈ సంచికలో ఒక పాత ప్రశ్నను విచారింపదలచితిమి.

ఆ ప్రశ్న యిది. ఆడువారు ఆడువారివలె, మగవారు మగవారివలె నడచుకొనుట పుట్టుకతో వచ్చినదా, లేక సంఘము నేర్పినదా?

మన పెద్దలు ఈ వివాదములోని రెండు పక్షములను రెండు సామెతలలో పెట్టిపోయిరి. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్నది ఒకటి. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నది రెండవది. ఒకటి పుట్టుకకు ఓటు వేయుచున్నది, రెండవది పెంపకమునకు. చిత్రమేమనగా, మన యిండ్లలో ఈ రెండు సామెతలును పిల్లలను చూచి పంచిపెట్టబడుచున్నవి. కూతురు గట్టిగా నవ్వినచో మొక్కగా నున్నప్పుడే వంచవలెనందుము. కొడుకు కంచము విసిరినచో మగబుద్ధి, పుట్టుకతో వచ్చినదందుము. ఒకే యింటిలో ఇద్దరు బిడ్డలకు రెండు శాస్త్రములు చెల్లవు గదా! కావున చరిత్రనే సాక్షిగా పిలిచి అడుగుదము.

మగ్గము, బీడీ, వంటిల్లు

మొదట మన పనిపాటలనే చూతము. షోలాపూరునందు మొదటి నూలు మిల్లు 1877లో వెలసినది. పందొమ్మిదవ శతాబ్దము మొదలుకొని నిజాము రాజ్యపు తెలుగు జిల్లాలనుండి పద్మశాలి కుటుంబములు వచ్చి ఈ పట్టణమున స్థిరపడినవి. ఆ యిండ్లలో పనుల పంపకము తరతరములుగా ఒక్కటే. మగవాడు గుంటమగ్గము ముందు కూర్చుండి నేయును. ఆడువారును పిల్లలును రాట్నముపై కండెలు చుట్టుదురు, ఆసు పోయుదురు. మగ్గము మగవాని పనియనియు, ఆడుదాని ఒడలు దానికి ఓర్వదనియు మనవారిలో వాడుక. ఇది ప్రకృతి విధించిన ఏర్పాటని ఎవరైనను నమ్మవచ్చును.

కాని అస్సాము రాష్ట్రమునకు పోయి చూచినచో ఈ నమ్మకము నిలువదు. అచ్చటి పల్లెలలో మగ్గము తరతరములుగా ఆడువారి సొత్తు. తల్లి కూతురికి నేత నేర్పును. నేత రాని పిల్ల పెండ్లికి సిద్ధము కాలేదని పూర్వము అచ్చటివారు భావించెడివారు. వారి గామోసాలును, మేఖలలును ఆడువారి చేతిపనియే. పడుగు పేకలు అచ్చటను ఇచ్చటను ఒక్కటే, మనుష్య శరీరము ఒక్కటే. మారినది వాడుక మాత్రమే.

బీడీల సంగతియు ఇట్టిదే. షోలాపూరున బీడీలు చుట్టువారిలో అత్యధికులు స్త్రీలు, వారిలో తెలుగువారే హెచ్చు. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములందును అంతే. ఆడువారి వ్రేళ్లు సున్నితములు గనుక ఈ పని వారికే తగునని దీనికి కారణము చెప్పుదురు. మరి కేరళలోని కన్ననూరునందు 1969లో దినేశ్ బీడీ కార్మికుల సహకార సంఘము ఏర్పడునాటికి అచ్చట బీడీలు చుట్టువారిలో మగవారే ఎక్కువ. ఒకడు వార్తాపత్రిక పైకి చదువుచుండగా తక్కినవారు వినుచు బీడీలు చుట్టెడివారు. వారి వ్రేళ్లు సున్నితము కాకపోయెనా? పని కొరత, కూలి రేటు, ఇల్లు విడిచి పోవు వీలు, వీనినిబట్టి పని ఒక ఊర స్త్రీలకును ఒక ఊర పురుషులకును చిక్కినది. తరువాత ఆ పనికి తగిన స్వభావమును సంఘము కల్పించి చెప్పినది.

వంట సంగతి చెప్పనే యక్కరలేదు. వంట ఆడుదానికి పుట్టుకతో వచ్చిన విద్య యని మన వాడుక. కాని తెలుగువాడు భోజనము బాగున్నదని మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు నలభీమపాకమనును. నలుడును మగవాడే, భీముడును మగవాడే. దేవాలయముల వంటశాలలలోను, పెండ్లి పందిళ్ల వెనుకను గాడిపొయ్యి వద్ద నిలిచి వేయిమందికి వండువారును తరచుగా మగవారే. డబ్బు వచ్చు వంట మగవానికిని, డబ్బు రాని వంట ఆడుదానికిని పుట్టుకతోనే అబ్బినదనుట న్యాయముగా లేదు.

వేషమును గూర్చి ఒక్క మాట. రెండు మూడు తరముల క్రిందట మన పల్లెలలో పురుషులు జుట్టు పెంచి సిగ ముడిచెడివారు, చెవులకు పోగులు పెట్టుకొనెడివారు. వారి మగతనమును ఎవరును శంకింపలేదు. వారి మునిమనుమడు నేడు జుట్టు పెంచి చెవికి పోగు పెట్టుకొన్నచో ఆడంగివేషమని కేకలు వేయువారము మనమే. తాతకు మగతనపు గుర్తైనది మనుమనికి ఆడతనపు గుర్తగుటకు రక్తములో వచ్చిన మార్పు కారణము కాదు.

రంగస్థలము చెప్పు సాక్ష్యము

నడక, చూపు, సిగ్గు, కోపము, అలుక, ఇవి స్త్రీకి సహజములని కవులు వర్ణించిరి. వీనిని నేర్చుకొనవచ్చునా? నేర్చుకొనవచ్చుననుటకు తెలుగు రంగస్థలము కంటె గట్టి సాక్ష్యము లేదు.

కృష్ణా జిల్లాలోని కూచిపూడి అగ్రహారమున భామాకలాపము ఆడుట తరతరములుగా పురుషుల విద్య. చిన్న బాలురు గురువు వద్ద అడుగులతోపాటు సత్యభామ అలుకను, ఆమె జడ విసరును, ఓరచూపును సంవత్సరముల తరబడి అభ్యసించెడివారు. వేదాంతం సత్యనారాయణశర్మ గారు (1935–2012) సత్యభామ వేషముతో రంగమునకు వచ్చినప్పుడు పురుషుడని ముందుగా తెలిసినవారును మరచిపోయెడివారు. 1970లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించినది. బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు గారు (1902–1971) శ్రీకృష్ణ తులాభారమున సత్యభామగా ఆంధ్రదేశమంతటను పేరెన్నికగనిరి. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చినది. ఇచ్చట మహారాష్ట్రమున బాలగంధర్వ అను పేరుతో ప్రసిద్ధులైన నారాయణరావు రాజహంస గారు (1888–1967) స్త్రీ పాత్రలలో ఎట్లు వెలుగొందిరో మరాఠీ ఇరుగుపొరుగువారినడిగిన చెప్పుదురు. ఆయన చీరకట్టును, నగల తీరును చూచి గొప్పయింటి స్త్రీలు అట్లే అలంకరించుకొనెడివారు.

ఈ కడపటి విషయము ఆలోచింపదగినది. పురుషుడు స్త్రీని చూచి నేర్చెను. స్త్రీలు మరల ఆ పురుషుని చూచి స్త్రీవలె అలంకరించుకొనుట నేర్చిరి. అద్దమును చూచి ముఖము దిద్దుకొన్నట్లు, ఆడతనమును ఆడువారు రంగస్థలముపై నిలిచిన మగవానిని చూచి దిద్దుకొనిరి. అది కేవలము పుట్టుకతో వచ్చునదైనచో ఈ దిద్దుబాటు అక్కర యేమి?

దీనికి ఎదురుగా సురభి వారి కథ యున్నది. మనము తెలుగుదేశమునుండి మహారాష్ట్రమునకు వచ్చితిమి. మహారాష్ట్రమూలము గల కొన్ని కుటుంబములు తెలుగుదేశమునకు పోయి, కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885లో నాటకసమాజముగా నిలిచినవి. వనారస గోవిందరావు గారు దానికి ఆద్యులు. ఇతర సమాజములందు పురుషులు చీర కట్టుచుండిన కాలమున సురభివారి కుటుంబస్త్రీలే స్త్రీ పాత్రలు ధరించిరి. అవసరమైనప్పుడు పురుష పాత్రలును ధరించిరి. అభిమానవతులైన స్త్రీలు రంగమెక్కుట స్త్రీ స్వభావమునకు విరుద్ధమని లోకమనుచున్నప్పుడు, ఆ కుటుంబముల ఆడపిల్లలు పసితనము నుండి తెరల మధ్య పెరిగి, తల్లులవలెనే రంగమెక్కిరి. స్వభావము అడ్డురాలేదు. అడ్డము చెప్పువారు ఇంటిలో లేకుండిరి, అంతియే. కూచిపూడి నృత్యమును కూడ మదరాసునందు వెంపటి చినసత్యం గారు పెక్కుమంది స్త్రీలకు నేర్పిరి. నేడు ఆ నృత్యమున స్త్రీలదే పైచేయి. ఒకనాడు పురుషుల విద్యయైనది రెండు తరములలో స్త్రీల విద్యగా లెక్కింపబడుచున్నది.

సింహాసనముపై రుద్రమ

ఇక రాజ్యపాలన. కాకతీయ గణపతిదేవునికి కుమారులు లేరు. ఆయన తన కుమార్తె రుద్రమను వారసురాలిగా నిలిపెను. ఆమె 1262 మొదలు 1289 వరకు ఓరుగల్లునుండి పరిపాలించినది. ఆమె శాసనములలో రుద్రదేవ మహారాజు అను పురుషనామము కానవచ్చును. పురుషవేషముతో కొలువుదీరెనని చెప్పుదురు. దేవగిరి యాదవరాజు మహాదేవుని దండయాత్రను త్రిప్పికొట్టినది. సామంతుడైన అంబదేవుని తిరుగుబాటును ఎదుర్కొనినది. నల్లగొండ జిల్లాలోని చందుపట్ల శాసనము 1289 నాటి ఆమె మరణమును తెలుపుచున్నది.

ఈ కథను మన పిల్లలకు వీరగాథగా చెప్పుచుందుము. కాని దానిలోని పాఠము వేరొకటి కూడ కలదు. సంఘము ఆమెను మహారాజు అని పిలిచినది గాని, స్త్రీయే రాజ్యము చేయగలదని ఒప్పుకొనలేదు. గుఱ్ఱపు స్వారియు, కత్తిసామును, రాజనీతియు రాకుమారులకు నేర్పువిధముగా ఒక రాకుమార్తెకు నేర్పగా ఆమెకు అబ్బినవి. ఆ ఫలితము కండ్లయెదుట నుండగా దానిని నమ్ముటకు ఆ కాలపు సంఘమునకు ఒక పురుషనామము కావలసివచ్చినది. నేర్పినచో వచ్చునని కంటికి కనబడినప్పుడు కూడ, "ఆమె సామాన్య స్త్రీ కాదు" అని తప్పించుకొనుట నాటినుండి నేటివరకు మన అలవాటు.

ఒక ప్రవాసాంధ్ర మహిళ

ఈ తప్పించుకొనుటను కలము పట్టి అడ్డగించిన మొదటి తెలుగు చరిత్రకారిణి మనవంటి ప్రవాస కుటుంబమునకు చెందినదే. ఆమె బండారు అచ్చమాంబ గారు. 1874లో కృష్ణా జిల్లాలో కొమర్రాజు వారింట జన్మించిరి. చిన్నతనముననే తండ్రి గతించిరి. పదియేండ్ల వయస్సున బండారు మాధవరావు గారితో వివాహమైనది. ఆయన మధ్యపరగణాలలో ఉద్యోగి యగుటచే అచ్చమాంబ గారి కాపురము నాగపురము ప్రాంతమున సాగినది. ఆమె తమ్ముడే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు. తమ్ముడు అక్క యింటనుండి పాఠశాలకు పోయి చదివెను. అక్కకు పాఠశాల లేదు. తమ్ముని ప్రక్కన కూర్చుండి తెలుగు, హిందీ, మరాఠీ నేర్చిరి. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరికి బడి తలుపు తెరచియుండెను, వేరొకరికి మూసియుండెను. పుట్టుక ఇద్దరికిని ఒక్కటే.

అచ్చమాంబ గారు అబలా సచ్చరిత్ర రత్నమాల అను గ్రంథమును 1901లో వెలువరించిరి. భారతదేశపు ప్రసిద్ధ స్త్రీల చరిత్రలు అందు కలవు. స్త్రీలు అబలలు, బుద్ధిహీనులు, వివేకశూన్యులు అని పలువురు చేయు నిందలు అసత్యములని చరిత్ర దృష్టాంతములతో చూపుటయు, చదువు వలన స్త్రీలు చెడిపోదురన్న మాట తప్పని నిరూపించుటయు ఆ గ్రంథము వ్రాయుటలో తన ఉద్దేశములని ఆమె పీఠికలో తెలిపిరి. అనగా మనము నేడు విచారించుచున్న ప్రశ్ననే నూటయిరువది యేండ్ల క్రిందట ఒక తెలుగు ఇల్లాలు విచారించి, ఊహలతో గాక ఉదాహరణములతో సమాధానము చెప్పెను. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబ గారితో కలసి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. 1905లో ముప్పది యేండ్ల ప్రాయముననే స్వర్గస్థులైరి.

ఆమెకు ఈ ధైర్యము ప్రవాసము వలన కొంత వచ్చినదని మా అభిప్రాయము. మరాఠీ దేశమున స్త్రీ విద్యను గూర్చిన చర్చ అప్పటికే చాల ముందుకు పోయియుండెను. జ్యోతిరావు ఫులే, సావిత్రీబాయి ఫులే దంపతులు 1848లోనే పుణె నగరమున బాలికల పాఠశాల పెట్టిరి. విదర్భలోని బుల్ఢాణాకు చెందిన తారాబాయి శిందే గారు 1882లో స్త్రీ పురుష తులన అను మరాఠీ గ్రంథము వ్రాసి, స్త్రీ స్వభావమునకు అంటగట్టిన దుర్గుణములన్నియు పురుషులలో కూడ నున్నవని ఘాటుగా వాదించిరి. మన రాజమహేంద్రవరము వైపున కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల స్థాపించి, 1881లో మొదటి వితంతు వివాహము జరిపించిరి. రెండు భాషల గాలి తగిలిన ఇంటిలో అచ్చమాంబ గారు పెరిగిరి. ఒక ఊరి ఆచారమును రెండవ ఊరి ఆచారముతో పోల్చిచూచు కన్ను అట్టి ఇంటివారికి అలవడును.

ఆమె వాదము నెగ్గినదో లేదో జనాభా లెక్కలే చెప్పుచున్నవి. 1901 జనాభా లెక్కలలో మన దేశమున చదువు వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరైనను లేరు. వేయింటికి ఆరుగురు. పురుషులు నూటికి పదిమందికి కొంచెము తక్కువ. 2011 లెక్కలలో స్త్రీలు నూటికి 64.6, పురుషులు 80.9. ఈ నూటపది యేండ్లలో స్త్రీల మెదడు మారలేదు. ప్రకృతిలో మార్పునకు అంత స్వల్పకాలము చాలదు. మారినది బడి తలుపు. 1901లో ఒక పండితుడు లేచి, "వేయిమంది స్త్రీలలో 994 మందికి అక్షరము రాదు గనుక చదువు స్త్రీ స్వభావమునకు సరిపడదు" అని చెప్పియుండినచో, ఆ లెక్క నిజమే, తీర్పు మాత్రము అబద్ధము. నేడు మనము కొన్ని పనులను గూర్చి చెప్పుచున్న తీర్పులు ఇట్టివి కావని ఎట్లు చెప్పగలము?

మేము రైల్వేలో గుమాస్తాగా నున్నవారము గనుక మా శాఖ నుండి ఒక్క ఉదాహరణము. ఇంజను నడుపుట మగవాని స్వభావమునకే తగిన పనియని బొగ్గు ఇంజనుల నాటినుండి వాడుక. సతారా జిల్లా రైతు కుటుంబమున పుట్టిన సురేఖా యాదవ్ గారు 1980ల చివర ఆ పనిలో చేరి, దేశమున మొదటి మహిళా రైలు డ్రైవరైరి. 2011 మార్చి 8న పుణె నుండి ముంబయికి దక్కను క్వీను నడిపిరి. 2023 మార్చి 13న మన షోలాపూరు నుండి ముంబయికి వందే భారత్ రైలు నడిపిరి. ఘాటు ఎక్కునప్పుడు బండికి కావలసినది శిక్షణ పొందిన చేయి. ఆ చేతికి గాజులున్నవో లేవో బండికి అక్కరలేదు.

ఎదుటి పక్షము

ఇంతవరకు చెప్పినదానినిబట్టి అంతయు పెంపకమే, పుట్టుకతో ఏమియు రాదు అని తీర్మానింపవచ్చునా? తీర్మానింపరాదు. ఎదుటి పక్షమున కూడ సాక్షులు కలరు. వారిని పిలువకుండ తీర్పు చెప్పుట న్యాయము కాదు.

మొదటి సాక్షి శరీరము. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస ప్రాంతపు బిడ్డ కరణం మల్లీశ్వరి గారు 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము గెలిచిరి. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారత మహిళ ఆమెయే. అబల అను మాటకు ఇంతకు మించిన జవాబు లేదు. అయినను అదే పోటీలలో అదే 69 కిలోల తరగతి పురుషులలో మొదట నిలిచినవాడు 350 కిలోలకు పైగా ఎత్తినాడు. ఒకే తూకము గల శరీరములలో ఇంత భేదము శిక్షణ వలన మాత్రమే వచ్చినది కాదు. శరీరములో భేదము కలదు. దానిని కాదనుట సత్యమును కాదనుటయే. కాని మల్లీశ్వరి గారు ఎత్తిన 240 కిలోలను ఈ సంచిక చదువుచున్న మగవారిలో ఎందరు ఎత్తగలరో ఎవరికి వారే ఆలోచించుకొందురు గాక. సగటులోని భేదము ఒక్కొక్కరికి విధించు చట్టము కాజాలదు.

రెండవ సాక్షి కెనడా దేశమునందలి ఒక విషాద గాథ. 1965లో పుట్టిన కవల మగపిల్లలలో ఒకనికి శైశవమున చిన్న శస్త్రచికిత్సలో ప్రమాదము జరిగినది. అమెరికాలోని జాన్ మనీ అను మనశ్శాస్త్రవేత్త, ఆడతనము మగతనము పెంపకము వలననే ఏర్పడునని నమ్మినవాడు. ఆయన సలహాపై తలిదండ్రులు ఆ శిశువును ఆడపిల్లగా పెంచిరి. ఆడపేరు, గౌనులు, బొమ్మలు, అన్నియు ఇచ్చిరి. ఈ ప్రయోగము విజయవంతమైనదని 1970లలో గ్రంథములలో వ్రాసిరి. వాస్తవము వేరు. ఆ బిడ్డ పసితనమునుండి ఆ వేషములో ఇముడలేక బాధపడెను. పదునాలుగవ యేట నిజము తెలిసిన పిదప మగవాడుగానే జీవించెను. 1997లో మిల్టన్ డైమండు మొదలగు శాస్త్రజ్ఞులు ఈ సత్యమును ప్రకటించిరి. 2004లో అతడు ప్రాణములు తీసికొనెను. తాను ఎవరన్న లోపలి ఎరుకను బయటివారు పూసి చెరపలేరని ఈ కథ నేర్పుచున్నది.

మన దేశమున హిజ్రాల జీవితము ఇదే సత్యమును మరియొక ప్రక్కనుండి చూపుచున్నది. మగపిల్లవానిగా పెంచబడి, కొట్టినను తిట్టినను, ఇల్లు వెడలగొట్టినను, తాము పురుషులము కామని నిలిచినవారు ఎందరో కలరు. ఎవరును నేర్పలేదు, అందరును మాన్పజూచిరి. 2014 ఏప్రిలులో సుప్రీముకోర్టు వారిని మూడవ లింగముగా గుర్తించి, పౌరహక్కులు చెల్లునని తీర్పు చెప్పినది.

మూడవ సాక్షి కొంచెము తడబడు సాక్షి. మార్గరెట్ మీడ్ అను అమెరికా పండితురాలు న్యూగినీ దీవిలోని మూడు తెగలను పరిశీలించి 1935లో ఒక గ్రంథము ప్రకటించెను. ఒక తెగలో స్త్రీ పురుషులు ఇరువురును మృదుస్వభావులనియు, రెండవదానిలో ఇరువురును క్రూరులనియు, మూడవదానిలో స్త్రీలు వ్యవహారదక్షులు, పురుషులు అలంకారప్రియులనియు వ్రాసెను. పెంపక పక్షమువారు దీనిని చాలకాలము తమ బ్రహ్మాస్త్రముగా వాడుకొనిరి. తరువాత ఆ ప్రాంతములకు పోయిన ఇతర పండితులు ఆమె చూచినది అసంపూర్ణమని చూపిరి. మృదువులన్న తెగలో కూడ పోరాటములుండెనని తెలిసినది. తమకు ఇష్టమైన సిద్ధాంతమునకు తగిన సాక్ష్యమును మాత్రమే చూచు జబ్బు రెండు పక్షములవారికిని కలదన్నమాట.

తీర్పు

ఇంతమంది సాక్షులను విన్న పిదప మాకు తోచిన తీర్పు ఇది. మన ప్రవాస జీవితములోనే దానికి తగిన ఉపమానము కలదు.

షోలాపూరులోని ఒక తెలుగు బిడ్డను చూడుడు. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, సినిమాలో హిందీ, మూడును ఐదేండ్ల ప్రాయముననే పట్టుకొనును. మాటలాడు శక్తి ఆ బిడ్డకు పుట్టుకతో వచ్చినది. ఏ దేశమున పుట్టిన మనుష్యశిశువునకైనను అది వచ్చును. కాని ఏ భాష మాటలాడవలెనన్నది పుట్టుకతో రాదు. తెలుగు తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డనైనను మరాఠీ ఇంటిలో పెంచినచో మరాఠీయే మాటలాడును. నాలుక పుట్టుకతో వచ్చును, భాష రాదు.

స్త్రీ పురుషుల నడవడి కూడ ఇట్టిదే. శరీరము, ఆ శరీరమునకు తగిన కొన్ని ప్రేరణలు, తాను ఎవరన్న లోపలి ఎరుక, ఇవి నాలుక వంటివి. మగ్గము ఎవరిది, బీడీ ఎవరిది, పొయ్యి ఎవరిది, జుట్టు ఎంత పొడవుండవలె, ఎవరు గట్టిగా నవ్వవలె, ఎవరు కన్నీరు కార్చరాదు, ఎవరు బడికి పోవలె, ఇవి భాష వంటివి. మొదటివానిని బలవంతముగా మార్పజూచినచో కెనడా బిడ్డవలె ప్రాణములమీదికి వచ్చును. రెండవవానిని ప్రకృతి యని భ్రమించినచో అచ్చమాంబ గారివంటి వేలకొలది బాలికలు బడి తలుపు వెలుపలనే నిలిచిపోవుదురు. చరిత్రలో ఈ రెండవ తప్పే మనము ఎక్కువగా చేసితిమి. కావున ఇది పుట్టుక గుణమని ఎవరైనను చెప్పినప్పుడు, నిరూపించు భారము అట్లు చెప్పినవారిదే యని మేము భావించుచున్నాము.

మన ఇండ్లలో

ఈ విచారణ వలన మనకేమి ప్రయోజనమని చదువరులు అడుగవచ్చును. ప్రయోజనము కలదు. ప్రవాసమున బ్రతుకు మన కుటుంబములలో ఒక విచిత్రమైన ఏర్పాటు తనంతట జరిగిపోయినది. తెలుగుతనమును కాపాడు భారమంతయు ఆడువారిపై పడినది. పండుగ ముగ్గు, గోంగూర పచ్చడి, అట్లతద్ది పాట, బిడ్డలకు తెలుగు మాట, ఇవన్నియు తల్లుల వంతు. కూతురు మరాఠీ పద్ధతిలో ఏమైన చేసినచో మన సంప్రదాయము చెడినదందుము. కొడుకు తెలుగు అక్షరము చదువలేకపోయినను, "మగపిల్లవాడు, బయట తిరుగువాడు" అని సరిపెట్టుకొందుము. సంప్రదాయము నిలుపుట స్త్రీ స్వభావమని ఉపన్యాసములందు పొగడుదుము. అది స్వభావము కాదు. మనము అప్పగించిన పని. అప్పగించిన పనిని స్వభావమని పిలిచినచో, పంచుకొనవలసిన బాధ్యత తప్పిపోవును. కొడుకులకు నేర్పక, వారికి తెలుగు రాలేదని రేపు విచారించుట వ్యర్థము.

అటులనే పదవ తరగతి వరకు చదివిన కూతురిని, ఇక చాలునని బీడీ చేటముందు కూర్చుండబెట్టునప్పుడు, అది ఆమె స్వభావమునకు సరిపడినదని మనకు మనము చెప్పుకొనరాదు. ఇంటిలో డబ్బు చాలదన్న కారణమైనచో డబ్బు చాలదనియే చెప్పుకొందము. ఆ మాట నిజమైనది. నిజమైన కారణమునకు ఉపాయము వెదకవచ్చును. స్వభావమన్న మాటకు ఉపాయము లేదు. అందువలననే ఆ మాట మనకంత సుఖముగా నుండును.

కొడుకుల మాటయు అంతే. మగవాడు ఏడువరాదని పసివానికి నేర్పుచున్నాము. నేర్చినవాడు దుఃఖమును లోపల దాచి, పెద్దవాడైన పిదప దానిని కోపముగానో, మద్యముగానో వెలికి తీయును. అప్పుడు మగబుద్ధి యందుము. మనము నాటిన విత్తనమును మనమే గుర్తింపలేకున్నాము.

ఉగాది పచ్చడిలో ఆరు రుచులు కలవు. చింతపండు పులుపునకును, బెల్లపు తీపికిని ఆడ మగ భేదము లేదు. ఆ గిన్నె ఇంటిలోని అందరి చేతికిని ఒకే విధముగా అందించుచున్నాము. బడి పుస్తకమును, తెలుగు అక్షరమును, వంటింటి గరిటెను కూడ అట్లే కొడుకునకును కూతురునకును సమముగా అందింతుము గాక. వారిలో పుట్టుకతో వచ్చినదేదియో అప్పుడు దానంతట అదే తెలియవచ్చును. ఈ నూతన సంవత్సరము మన బిడ్డలందరికిని శుభము చేకూర్చుగాక.